దేహళీ దీపం: మన చిత్రకళలో ఇంటి చోటు



వ్యాకరణం చెప్పుకొనేవారు 'దేహళీ దీప న్యాయం' అని ఒక మాట వాడుతారు. దేహళి అంటే గడప. గడప మీద పెట్టిన దీపం లోపలి ఇంటికీ, బయటి వాకిలికీ ఒక్కసారే వెలుగునిస్తుంది. అట్లాగే వాక్యం నడుమ ఉన్న ఒక పదం ముందున్న మాటకూ, తరువాతి మాటకూ కూడా అన్వయిస్తే, అది దేహళీ దీపం వంటిదని పిల్లలకు చెప్పేవాళ్లం. చెప్పడం సులువుగానే ఉండేది. ఎందుకంటే అప్పట్లో ప్రతి పిల్లవాడి ఇంటికీ ఒక గడప, దాని మీద కార్తీక మాసంలో ఒక ప్రమిద ఉండేవి. ఉద్యోగ విరమణకు ముందు చివరి సంవత్సరాలలో మాత్రం ముందు గడపను వివరించి, ఆ తరువాత న్యాయాన్ని వివరించవలసి వచ్చింది.

ఈ టపాలో వ్యాకరణం జోలికి పోను. కట్టడాలను, ఇళ్లను, వీధులను ఆధారం చేసుకొని నేడు వస్తున్న చిత్రకళ గురించి నాకున్న ఒక అభిప్రాయాన్ని మీ ముందు పెట్టదలచాను. నేను చిత్రకారుణ్ణి కాను, కళా విమర్శకుణ్ణీ కాను. తెలుగు చెప్పి బతికినవాణ్ణి. అయినా ఇల్లు అన్నది అందరి విషయం కనుక, మాట్లాడే అర్హత కొంత ఉన్నదనుకొంటున్నాను.

నా అభిప్రాయం ఇది. కట్టడం మీద వచ్చే కళ దేహళీ దీపంలా ఉండాలి. మన దగ్గర వస్తున్నది చాలావరకు వీధి దీపం. ఇంటి ముఖం మీద చక్కగా వెలుగు పడుతుంది. గడప దాటి లోపలికి మాత్రం పోదు.

నగరంలో ఏ ప్రదర్శనశాలకు వెళ్లినా ఇళ్ల బొమ్మలకు కొదువ లేదు. 1591లో కట్టిన చార్మినార్‌ను వేయని చిత్రకారుడు హైదరాబాదులో అరుదు. తరువాతి స్థానం పాత తలుపులది. రంగు వెలిసిన తలుపు, ఇత్తడి బొడిపెలు, తుప్పు పట్టిన గొళ్లెం, పక్కన ఒక సైకిలు. నైపుణ్యం లేదని అనను. కర్ర చారలను సైతం వేలితో తడిమి చూడవచ్చు అన్నంతగా వేస్తారు. కానీ ఆ తలుపు ఎవరిది? అది ఎటు తెరుచుకొంటుంది? తెరిస్తే ఏమి కనిపిస్తుంది? లోపలికి ఎవరు రావచ్చు, ఎవరు వాకిట్లోనే నిలబడాలి? బొమ్మను ఈ ప్రశ్నలు అడిగితే జవాబు రాదు. ఆ తలుపు ఎప్పుడూ మూసే ఉంటుంది.

నేను ఉండే ముడిమ్యాల, చేవెళ్ల మండలంలోని ఊరు. హైదరాబాదు నుండి బీజాపూర్ పోయే రోడ్డు మొయినాబాద్, చేవెళ్లల మీదుగా పోతుంది. ఆ దారి మర్రిచెట్ల గురించి పత్రికలలో మీరు చదివే ఉంటారు. 1908 మూసీ వరద తరువాత నగర రక్షణకు, తాగునీటికి కట్టిన ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఆ రెండు చెరువుల పరీవాహక ప్రాంతం చెడిపోకూడదని 1996లో 111వ నంబరు జీవో తెచ్చి 84 గ్రామాలలో కట్టడాలకు హద్దులు పెట్టారు. 2022లో 69వ జీవోతో ఆ హద్దులను సడలించారు. కాగితం మీద హద్దు ఉన్నప్పుడూ, సడలినప్పుడూ కూడా ఈ ప్రాంతంలో తోట ఇళ్లూ, విడిది గృహాలూ పెరుగుతూనే వచ్చాయి. ఊళ్ల లోపల మాత్రం పాత ఇళ్లు ఒక్కటొక్కటిగా నేలమట్టం అవుతున్నాయి.

ఈ రెండింటికీ నడుమ ఒక వ్యాపారం ఉన్నది. పడగొట్టిన ఇంటి దర్వాజ, చెక్కిన మొగురాలు, దూలాలు కొని పట్టుకుపోయేవారు వస్తారు. అవి చివరకు ఏదో ఒక విడిది గృహం గోడకు అలంకారమవుతాయి. అటువంటి చోటికి ఒక బంధువుల శుభకార్యానికి పోయి, అక్కడ ఒక దర్వాజ చూశాను. గోడకు మేకులతో బిగించి, పైన దీపాలు పెట్టి, కళాఖండం వలె నిలిపారు. మూడు వైపుల కర్ర ఉన్నది. అడుగున గడప లేదు.

ఎందుకు లేదో తరువాత తెలిసింది. మా ఊళ్లో ఒక ఇల్లు విప్పుతున్నప్పుడు కొనడానికి వచ్చినాయనను అడిగితే, "గడప ఎవరికి గావాలె సారూ, నడిమిట్ల అరిగిపోయి ఉంటది. అది పొయ్యిలకే" అన్నాడు. ఆయన వ్యాపారం ఆయనది, తప్పు పట్టను. కానీ ఆ మాట నన్ను చాలా కాలం వదలలేదు. దర్వాజ మీది పువ్వులు వడ్లాయన పది దినాలలో చెక్కినవి. గడప నడుమ పడిన పల్లం నాలుగు తరాల పాదాలు చెక్కింది. ఇంటిలో మనుషులు బతికారనడానికి అంతకు మించిన సాక్ష్యం లేదు. సాక్ష్యాన్ని పొయ్యిలో పెట్టి, అలంకారాన్ని గోడకు పెట్టుకొంటున్నాం. మన ఇళ్ల చిత్రాలలో ఎక్కువ భాగం చేస్తున్నదీ ఇదే అని నా ఫిర్యాదు.

ఇది ఎందుకు జరుగుతున్నది? ఇంటిని చూడడానికి కావలసిన మాటలు మనకు పోతున్నాయి కనుక అని నాకు తోస్తుంది. తెలుగు పంతులు ఏ రోగానికైనా మాటలనే మందుగా చెబుతాడని నవ్వుకోకండి. ఒక ఉదాహరణ చెప్తాను. బడిలో పిల్లలను ఇల్లు బొమ్మ వేయమంటే దాదాపు అందరూ ఒకే ఇల్లు వేసేవారు. త్రికోణపు కప్పు, నడుమ తలుపు, అటొకటి ఇటొకటి కిటికీ, వెనుక రెండు కొండలు, కొండల నడుమ సూర్యుడు. కొందరు కప్పు మీద పొగగొట్టం కూడా పెట్టేవారు. ఆ పిల్లలలో ఒక్కరి ఇంటికీ పొగగొట్టం లేదు. చాలామందివి మిద్దెలు, కొందరివి గూనపెంకుల ఇళ్లు, తరువాత తరువాత స్లాబు ఇళ్లు. రోజూ నిద్రలేచే ఇంటిని వదిలి, పుస్తకంలో చూసిన ఇంటిని ఎందుకు వేస్తున్నారు? పుస్తకంలోని ఇంటికి ఒక రూపం చెప్పారు. తమ ఇంటి గురించి ఎవరూ ఏమీ చెప్పలేదు.

ఒకనాడు బొమ్మ మాని, ఇంట్లో ఉన్నవాటి పేర్లు రాసుకొని రమ్మన్నాను. మరునాడు వచ్చిన పేర్లు చూస్తే సంతోషం వేసింది. దర్వాజ, గడప, అర్ర, సాయబాన్, అరుగు, దూలం, వాసం, మొగురం, అటక, సూరు, దిగూడు, గుమ్మి, కొట్టం, దొడ్డి, గోలెం. పేర్లు వచ్చాక మళ్లీ బొమ్మ వేయమన్నాను. కొండలు మాయమైనవి. ఒక అమ్మాయి దిగూడు వేసి, దాని పైన గోడకు పట్టిన మసిని నల్లగా దిద్దింది. పొగగొట్టం కన్నా ఆ మసి గొప్ప బొమ్మ. దిగూడు అన్న మాట తలపునకు రానంత వరకు ఆ మసి ఆ పిల్లకు కనిపించలేదు.

ఇది పిల్లల ముచ్చటే కాదు. ప్రపంచం మెచ్చిన ఒక కళాకారిణి పద్ధతి కూడా ఇదే. జరీనా హష్మీ 1937లో అలీగఢ్‌లో పుట్టారు. గణితం చదివారు. కుటుంబం తరువాతి కాలంలో పాకిస్తాన్ వెళ్లిపోయింది. తాను అనేక దేశాలు తిరిగి న్యూయార్క్‌లో స్థిరపడి, 2020లో లండన్‌లో కన్నుమూశారు. 1999లో ఆమె చేసిన ఒక చిత్రమాల పేరును తెలుగులో చెప్పుకొంటే 'ఇల్లు ఒక పరాయి చోటు' అవుతుంది. కర్ర అచ్చుతో తీసిన 36 చిత్రాలు. ఆమె ముందు ఉర్దూ మాటలను వరుసగా రాసుకొన్నారు. ఇల్లు, దర్వాజ, గడప వంటి మాటలు. తరువాత ఒక్కొక్క మాటకు ఒక్కొక్క చిత్రం చేశారు. ప్రతి చిత్రంలో ఆ మాట ఉర్దూ లిపిలో కనిపిస్తుంది. 'ఘర్' అన్న మాటకు ఆమె వేసింది ఇంటి ముఖం కాదు. చిన్ననాటి అలీగఢ్ ఇంటి నక్షా. కొన్ని నల్ల గీతలు, అంతే. పూలతీగ లేదు, తుప్పు పట్టిన గొళ్లెం లేదు. కానీ ఆ గీతల నడుమ నడవడం తెలిసినవారే అవి గీయగలరు.

ఉర్దూలో గడపను దహ్లీజ్ అంటారు. మన దేహళి, వారి దహ్లీజ్ చెవికి చుట్టాల్లాగే వినిపిస్తాయి. ఇక దర్వాజ తెలంగాణ తెలుగులో ఎప్పుడో ఇంటి మాట అయిపోయింది. అంటే జరీనా రాసుకొన్న మాటలలో కొన్ని మన ముడిమ్యాల ముసలమ్మలు రోజూ పలికే మాటలే. ఆమె వాటిని పోగొట్టుకొన్న ఇంటికి తాళపుచెవులుగా వాడుకొన్నారు. మన చిత్రకారులకు అవి ఇంకా చేతిలోనే ఉన్నాయి. వాడుకొనడం లేదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. "పంతులుగారూ, మీరు పాత ఇళ్ల మీద మోజుతో మాట్లాడుతున్నారు. ఆ ఇళ్లు అందరికీ అంత చల్లనివా?" అని. ఇది న్యాయమైన ప్రశ్న. దీనికి జవాబు చెప్పకుండా ముందుకు పోలేను.

చెక్కిన దర్వాజ ఊళ్లో ఎన్ని ఇళ్లకు ఉండేది? నాలుగింటికో, అయిదింటికో. ఆ దర్వాజను చెక్కిన వడ్లాయన ఇంటికి తడిక ఉండేది. గూనలు కాల్చిన కుమ్మరి ఇంటి మీద గడ్డి ఉండేది. పునాదికి బండలు కొట్టిన వడ్డెరవారు ఊరి బయట గుడిసెలలో ఉండేవారు. అరుగు మీద ఎవరు కూర్చోవచ్చు, వాకిట్లో చెప్పులు ఎవరు చేత పట్టుకోవాలి, గడప ఎవరు దాటరాదు అన్న కట్టుబాట్లు గోడలకన్నా గట్టిగా ఉండేవి. కనుక ఇంటి బొమ్మ వేయడమంటే అందమైన జ్ఞాపకం వేయడం మాత్రమే కాదు. గడపకు రెండు వైపులా ఉన్నవారిని వేయడం. దేహళీ దీపం అన్నది అందుకే.

అట్లా వేసినవారు మనలో ఉన్నారా? ఉన్నారు. అయితే గోడకు తగిలించిన పటంలో కాదు, సినిమాలో. బి. నర్సింగరావు గారు తీసిన 'దాసి' 1988 నాటి చిత్రం. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకాల తెలంగాణలో ఒక దొర గడిలో పని చేసే దాసి కమలాక్షి కథ. ఆ ఏటి జాతీయ పురస్కారాలలో దీనికి అయిదు వచ్చాయి. ఉత్తమ తెలుగు చిత్రం, ఉత్తమ నటిగా అర్చన, ఛాయాగ్రహణానికి అపూర్వ కిశోర్ బీర్, దుస్తులకు సుదర్శన్, కళా దర్శకత్వానికి తోట వైకుంఠం. మిత్రులలో చాలామందికి వైకుంఠం గారు చిత్రకారులుగానే తెలుసు. నుదుట పెద్ద కుంకుమ బొట్లు, ముదురు రంగు చీరలు, చేతిమీద చిలుకలు ఉన్న తెలంగాణ స్త్రీలు ఆయన బొమ్మలలో ప్రసిద్ధం. ఆ బొమ్మలను మరొకసారి చూడండి. మనుషులు నిండుగా ఉంటారు, కానీ చాలా వాటిలో వెనుక ఇల్లు ఉండదు. ఒక్క రంగు పూత మాత్రం ఉంటుంది. అదే చేయి 'దాసి'లో ఇంటిని కట్టి చూపింది.

ఆ గడి ఎట్లా కనిపిస్తుందో గమనించండి. బయటినుండి చూసేవారికి గడి అంటే ఎత్తైన గోడ, పెద్ద దర్వాజ, బురుజు. పర్యాటకుల ఫొటోలలో ఉండేది అదే. దాసికి గడి అది కాదు. ఊడ్వవలసిన నేల, నీళ్లు మోయవలసిన దూరం, పిలిస్తే వినబడేంత దగ్గరలో నిలబడవలసిన మూల, రాత్రి పిలుపు వస్తే పోవలసిన అర్ర. ఆ సినిమాలో మాటలు చాలా తక్కువ. ఇల్లే మాట్లాడుతుంది. ఇంటి కొలత ఎవరి అడుగులతో కొలిచాం అన్నదానిని బట్టి ఇల్లు మారిపోతుందని ఆ చిత్రం చూపించింది. దొర అడుగులతో కొలిస్తే అది భవనం, కమలాక్షి అడుగులతో కొలిస్తే అది చెర. తెలుగులో కట్టడాన్ని ఆధారం చేసుకొని వచ్చిన కళలో అంతకు మించినదాన్ని నేను చూడలేదు. దానిని సినిమాగానే చూసి, కట్టడం గురించిన కళగా మనం చర్చించకపోవడం నాకు లోటుగానే తోస్తుంది.

లోపలి చోటు గురించి మాట్లాడుతున్నాను కనుక వేదాంతులు చెప్పే ఇంకొక మాట గుర్తుకు వస్తున్నది. ఘటాకాశం, మఠాకాశం అంటారు. కుండలో ఉన్న ఆకాశం ఘటాకాశం, ఇంటిలో ఉన్న ఆకాశం మఠాకాశం. కుండ పగిలితే అందులోని ఆకాశం ఎక్కడికీ పోదు, బయటి ఆకాశంలో కలిసిపోతుంది. ఇల్లు కూలినా అంతే. తత్త్వంగా ఇది నిజమే కావచ్చు. కానీ ఇల్లు పోగొట్టుకొన్నవాడికి ఇది ఓదార్పు కాదు. తన తల్లి తిరిగిన ఆ చోటు వేరు, బయటి ఖాళీ వేరు.

రేచెల్ వైట్‌రీడ్ అనే ఆంగ్ల శిల్పి ఈ మఠాకాశాన్నే పోత పోసింది. లండన్ తూర్పు భాగంలో గ్రోవ్ రోడ్డు మీద ఒక వరుస ఇళ్లను కూల్చివేస్తూ పోగా ఒక్కటి మిగిలింది. ఆ ఇంటి గోడలకు లోపలివైపున కాంక్రీటు పోత పోసి, ఆ కాంక్రీటు గట్టిపడిన తరువాత బయటి గోడలను ఊడదీసింది. మిగిలినది గోడలు లేని ఇల్లు. అంటే ఇంటి లోపలి చోటు, గట్టిపడి, వీధిలో నిలబడినది. కిటికీలు లోపలికి కాక బయటికి ఉబ్బి కనిపించేవి. పొయ్యి ఉన్న గూళ్లు ముద్దలుగా పొడుచుకు వచ్చేవి. 1993 అక్టోబరులో ఇది పూర్తయింది. ఆ ఏడాదే ఆమెకు టర్నర్ బహుమతి వచ్చింది. ఆ బహుమతి పొందిన తొలి మహిళ ఆమె. అయినా స్థానిక పాలకులు ఒప్పుకోలేదు. 1994 జనవరిలో దానిని కూల్చివేశారు. 'ఇల్లు' అని పేరు పెట్టిన ఆ శిల్పం మూడు నెలలు కూడా నిలవలేదు.

ఊరిలో కొందరు దానిని వికారం అన్నారు, కొందరు నిలపమని పోరాడారు. నాకు తోచినది ఒక్కటే. ఆమె గోడను కాదు, గోడల నడుమ మనుషులు మసలిన చోటును శిల్పం చేసింది. అక్కడ అలంకారం లేదు. అమ్ముకొని గోడకు బిగించుకొనడానికి ఒక దర్వాజ కూడా మిగలలేదు.

పరాయి దేశం దాకా ఎందుకు అంటారా? మన పాలంపేట వద్దకు రండి. కాకతీయ గణపతిదేవుని కాలంలో రేచర్ల రుద్రుడు 1213లో నిర్మింపజేసిన రామప్ప గుడి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఆ గుడి బొమ్మలను వేసినవారు, ఫొటోలు తీసినవారు వేలమంది. నటరాజ రామకృష్ణ గారు మరొక పని చేశారు. గణపతిదేవుని గజసేనాని జాయప రచించిన 'నృత్తరత్నావళి'ని ఒక చేత, రామప్ప గుడి స్తంభాల మీది నర్తకుల భంగిమలను మరొక చేత పెట్టుకొని, మరుగున పడిన పేరిణి నృత్యానికి మళ్లీ ప్రాణం పోశారు. రాతిలో నిలిచిపోయిన కాలు ఎక్కడి నుండి లేచి ఉంటుంది, తరువాత ఎక్కడ దిగుతుంది అని ఆలోచించారు. అంటే బొమ్మకు ముందు క్షణాన్ని, తరువాత క్షణాన్ని వెదికారు. కట్టడాన్ని చూసి నకలు తీయడం వేరు, కట్టడంలోకి ప్రవేశించి దానిని శరీరంతో చదవడం వేరు. ఈనాటి పేరిణి కాకతీయుల నాటి పేరిణియేనా అని పండితులు వాదించుకోవచ్చు, ఆ వాదం ఉండవలసిందే. కానీ గుడి ముందు నిలబడి ఫొటో తీసుకొన్నవారెవ్వరూ ఆ ప్రశ్నను పుట్టించలేకపోయారు.

గోడ బయటి ముఖానికి విలువే లేదా అని మీరు అడుగుతారు. ఉన్నది. 2016లో హైదరాబాదులో ఖైరతాబాద్ దగ్గరి ఎం.ఎస్. మక్తా బస్తీ గోడల మీద దేశ విదేశాల చిత్రకారులు పెద్ద పెద్ద బొమ్మలు వేశారు. ఎవరూ తొంగిచూడని ఆ సందులను చూడడానికి జనం వచ్చారు. బస్తీవారు తమ చిరునామాను కొంత గర్వంగా చెప్పుకొన్నారంటే అది చిన్న సంగతి కాదు. ప్రదర్శనశాల గడప తొక్కలేని వారి గడపకే కళ వచ్చింది. నేను కాదనను. అయితే గోడమీది బొమ్మకు తన వెనుక ఉన్న ఇంటితో సంబంధం ఏమిటన్న ప్రశ్న అక్కడా వర్తిస్తుంది. లోపల వర్షానికి కారే కప్పును ఆ బొమ్మ ఎరుగునా? ఎరిగిన బొమ్మలూ ఉండవచ్చు. ఎరగనివి కేవలం రంగులే.

మన పల్లెలలో గోడ బయటి ముఖం మీద బొమ్మ వేసేది ఆ ఇంటి ఆడవారే. పండుగకు ముందు గోడ అలికి, సున్నం వేసి, అడుగున జాజు పట్టె తీర్చి, గడపకు పసుపు రాసి బొట్లు పెట్టి, వాకిట్లో ముగ్గు వేస్తారు. ఇల్లు అలకగానే పండుగ కాదని సామెత. కానీ అలికే చేతికి గోడలో పగులు ఎక్కడున్నదో, చెద ఎక్కడ పట్టినదో, చెమ్మ ఎక్కడ ఎక్కుతున్నదో తెలుస్తుంది. ఆ బొమ్మ వేయడమంటే ఇంటిని బాగుచేయడం కూడా. ఏడాదికి రెండుమూడు సార్లు చెరిగిపోయి, మళ్లీ పుట్టే కళ అది. దానిని ఎవరూ కొనలేరు, విప్పి పట్టుకుపోలేరు. అందుకేనేమో దానికి ప్రదర్శనశాలలో ధర కట్టడం సాధ్యం కాలేదు.

ఇక చేయవలసినది ఏమిటి? పాత ఇళ్లన్నీ నిలబెట్టండి అని నేను అనను. మిద్దె కురిస్తే రాత్రంతా గిన్నెలు పెట్టుకొని కూర్చున్నవారికి స్లాబు ఇల్లు వరమే. ఇల్లు కట్టి చూడు అన్నారు. పాత ఇంటిని నిలిపి చూడు అని కూడా అనవలసింది. అది ఎంత ఖర్చో, ఎంత చాకిరీయో చేసినవారికి తెలుసు. కట్టుకొనేవారిని నిందించే హక్కు మనకు లేదు.

చిత్రకారులకు మాత్రం ఒక మనవి ఉన్నది. తలుపు బొమ్మ వేసే ముందు ఆ తలుపు తెరిపించండి. లోపలి మనిషితో ఒక పూట కూర్చోండి. ఏ అర్రలో ఎవరు పుట్టారో, ఎవరు పోయారో, ఎవరికి ప్రవేశం లేదో వినండి. తరువాత మీరు ముఖద్వారమే వేసినా ఫరవాలేదు. ఆ తలుపు మూసి ఉన్నా, వెనుక ఎవరో ఉన్నారని తెలుస్తుంది. భవన నిర్మాణ శాస్త్రం చదివే పిల్లలు కొందరు వేసవి సెలవులలో ఊళ్లకు వచ్చి టేపులు పట్టి కొలతలు తీస్తుంటారు. వారికీ ఇదే మాట. కొలతతో పాటు పేరు రాసుకోండి. అడుగులు అంగుళాలు ఎక్కడైనా ఒక్కటే. దిగూడు, సాయబాన్, గుమ్మి అన్న పేర్లు పోతే ఆ కొలతలు దేనివో రేపు ఎవరికీ తెలియదు.

బ్లాగు మిత్రులకు మరొక మనవి. మనకు కుంచె లేకపోవచ్చు, అక్షరం ఉన్నది. మీలో ప్రతి ఒక్కరూ మీరు పుట్టిన ఇంటినో, అమ్మమ్మ ఇంటినో మాటలతో నక్షా గీసి ఒక టపా రాయండి. వర్ణన అక్కరలేదు. ఏ దిక్కుకు ముఖం, ఎన్ని అర్రలు, దీపం ఎక్కడ, నీళ్లు ఎక్కడ, ధాన్యం ఎక్కడ, ఎవరు ఏ దారిన లోపలికి వచ్చేవారు, ఎవరు వచ్చేవారు కాదు. మీ ప్రాంతపు పేర్లే వాడండి. కోస్తావారి మండువా, మా భవంతి ఒకే తీరు ఇళ్లా కాదా అన్నది అప్పుడు తేలుతుంది. రాయలసీమ మిద్దె మీద ఏ మట్టి పోసేవారో, ఉత్తరాంధ్రలో చుట్టిల్లు ఎట్లా కట్టేవారో అక్కడివారే చెప్పాలి.

నా వంతుగా మొదలుపెడుతున్నాను. మా పాత ఇల్లు తూర్పు ముఖం. వాకిలి ఇరవై అడుగులు నడిస్తే అరుగు. అరుగు రెండు వైపులా, పైన షాబాద్ బండ పరిచినది. ఆ బండ పేరు మా పొరుగు షాబాద్‌ది కాదు, కర్ణాటకలోని షాబాద్‌దని పెద్దయ్యాకే తెలిసింది. దర్వాజ వేపది, పువ్వులు లేవు. గడప కూడా వేపదే, ఎడమవైపు ఎక్కువ అరిగినది. ఎందుకంటే లోపల కుడివైపున గుమ్మి ఉండేది, అందరూ ఎడమకు ఒత్తిగిలి నడిచేవారు. సాయబాన్‌కు మూడు మొగురాలు. దిగూళ్లు రెండు, ఒకటి దర్వాజ పక్కన, ఒకటి వంటింట్లో. వెనుక దొడ్డికి వేరే తలుపు. ఇంట్లో గిన్నెలు తోమే ఆమె ఆ తలుపు దాకానే వచ్చేది. తోమిన గిన్నెల మీద మళ్లీ నీళ్లు చల్లి మా నాయనమ్మ లోపలికి తీసుకొనేది. ఆ తలుపుకు గడప ఎత్తు ముందు గడప కన్నా నాలుగు వేళ్లు ఎక్కువ. అది ఎందుకు ఎత్తుగా పెట్టారో మా ఇంట్లో ఎవరూ నాకు చెప్పలేదు. వాన నీళ్లకని అనేవారు. వాన నీళ్లు వాకిలివైపే పారేవి.

మీ ఇళ్ల నక్షాల కోసం ఎదురుచూస్తుంటాను.

స్వస్తి.